ఒకే మూలం, అనేక నాదాలు: విద్యుత్ దృష్టాంతం ఎంతవరకు నిలుస్తుంది?

తెలుగు నేల మీద వేదాంత ప్రవచనాలు విన్న వారెవరికైనా విద్యుత్ దృష్టాంతం పరిచితమే. బల్బులో వెలుగుగా, ఫ్యానులో గాలిగా, హీటరులో వేడిగా కనిపించేది ఒకే కరెంటు అయినట్టే, వేర్వేరు దేహాల్లో వేర్వేరుగా కనిపించే చైతన్యం కూడా ఒక్కటేనని, ఉపకరణాలు పాడైనా కరెంటుకు లోపం రానట్టు దేహాలు నశించినా ఆత్మకు హాని లేదని ఆ దృష్టాంతం చెబుతుంది. పూర్వాచార్యులు ఘటాకాశాన్ని, అంటే కుండలోని ఆకాశాన్ని, నీటిలో ప్రతిబింబించే సూర్యుణ్ణి చూపి చెప్పిన విషయాన్నే ఇంటింటికీ తీగలు వచ్చిన కాలపు ఉపన్యాసకులు విద్యుత్తుతో చెబుతున్నారు. శ్రోతకు వెంటనే అర్థమవుతుంది కనుక దీనికి ఆదరణ కలిగింది. అయితే వెంటనే అర్థమయ్యే దృష్టాంతం మీద విచారణ తక్కువగా జరుగుతుంది. ఒకే మూలం నుంచి శక్తిని పొందడం వల్ల అనేకం నిజంగా ఒక్కటవుతుందా, లేక ఒకే మూలాన్ని ఆశ్రయించిన అనేకంగానే మిగులుతుందా అన్న ప్రశ్నకు విద్యుత్తు వైపు నుంచి వచ్చే జవాబు ప్రవచనాల్లో వినిపించే జవాబుకు భిన్నంగా ఉంది.

దృష్టాంతాన్ని పరీక్షించడం అపచారం కాదు. న్యాయదర్శనం అనుమానానికి చెప్పిన అయిదు అవయవాల్లో మూడోది ఉదాహరణ. ఉదాహరణ చెడితే అనుమానం నిలవదు. బ్రహ్మసూత్రాల మూడో అధ్యాయం రెండో పాదంలో నీటిలోని సూర్యబింబం దృష్టాంతాన్ని చర్చించే చోట శంకరాచార్యులు, ఉపమానానికీ ఉపమేయానికీ చెప్పదలచుకున్న ఒక్క అంశంలోనే పోలిక ఉంటుందని, అన్ని విధాలా పోలిక ఉంటే అవి రెండూ రెండుగా ఉండనే ఉండవని స్పష్టం చేశారు. నీరు పెరిగితే బింబం పెరిగినట్టు, కదిలితే కదిలినట్టు కనిపించడమే అక్కడ చెప్పదలచిన అంశం. ఆ నియమాన్నే విద్యుత్ దృష్టాంతానికీ వర్తింపజేసి, అందులో చెల్లే అంశం ఏది, చెల్లని అంశం ఏది అని విడదీయడం శంకరులు చూపిన దారిలో నడవడమే.

బల్బు, ఫ్యాను ఈ పరీక్షకు చాలవు, ఎందుకంటే అవి ఒకదాని పని మరొకటి వినవు. బల్బు వెలుగులో ఫ్యాను తిరుగుడు కలవదు. పరీక్షకు తగిన చోటు ఒకే మూలాన్ని పంచుకుంటూ, ఒకదాని ఫలితాన్ని మరొకటి అందుకునే ఉపకరణాల వరుస. అలాంటి వరుస గిటారు వాయించేవారి కాళ్ల దగ్గర ఉంటుంది. ఎలక్ట్రిక్ గిటారు తీగ కంపనం చాలా బలహీనమైన విద్యుత్ సంకేతంగా మారి, యాంప్లిఫయరుకు చేరే ముందు పెడళ్లు అనే చిన్న లోహపు పెట్టెల గుండా వెళుతుంది. ఒక పెడల్ నాదాన్ని కరకుగా చేస్తుంది, దానిని డిస్టార్షన్ అంటారు. మరొకటి నాదాన్ని మళ్లీ మళ్లీ పలికిస్తుంది, దానిని డిలే అంటారు. ఇంకొకటి నాదాన్ని పెద్ద మందిరంలో పలికినట్టు గంభీరంగా వినిపించేలా చేస్తుంది, దానిని రివర్బ్ అంటారు. నేటి తెలుగు క్రైస్తవ ప్రార్థనా మందిరాల్లో కీబోర్డు, రిథమ్ ప్యాడుల పక్కన గిటారూ చోటు సంపాదించుకుంది కనుక, ఈ చర్చలోని సాంకేతిక ప్రశ్న ఆరాధన జరిగే చోట నిజంగా ఎదురయ్యే ప్రశ్నే.

ఈ పెడళ్లలో అధిక భాగం 9 వోల్టుల ఏకముఖ విద్యుత్తుతో, అంటే ఎప్పుడూ ఒకే దిశలో ప్రవహించే డి.సి. కరెంటుతో పనిచేస్తాయి. ఒక్కొక్క దానికి ఒక్కొక్క బ్యాటరీ వేయడం ఖర్చు, శ్రమ. అందుకే ఒకే అడాప్టరు నుంచి అన్నింటికీ తీగలు లాగాలన్న ఆలోచన సహజంగా వస్తుంది. అలా లాగేటప్పుడు మొదట చూడవలసినవి మూడు. వోల్టేజి పెడల్ కోరినదే కావాలి. 9 వోల్టులకు తయారైన పెట్టెకు 18 వోల్టులు ఇస్తే లోపలి భాగాలు కాలిపోవచ్చు. ప్లగ్గు లోపలి సూది, బయటి గొట్టం ఈ రెండింటిలో ఏది ప్లస్, ఏది మైనస్ అన్నది సరిపోవాలి. ఈ పెడళ్లలో ఎక్కువ వాటికి లోపలిది మైనస్, బయటిది ప్లస్, ఇంట్లో కనిపించే చాలా అడాప్టర్లకు ఇది తలకిందులు. ఇక మూడోది కరెంటు పరిమాణం. పెడళ్లన్నీ కలిసి లాగే మిల్లీ ఆంపియర్ల మొత్తం అడాప్టరు ఇవ్వగలిగిన దానికంటే తక్కువగా ఉండాలి. డిస్టార్షన్‌కు 10, డిలేకు 65, రివర్బ్‌కు 100 మిల్లీ ఆంపియర్లు కావలసి వస్తే మొత్తం 175 అవుతుంది. 200 ఇచ్చే అడాప్టరు లెక్కకు సరిపోయినా కొంత మిగులు ఉంచడం మంచిది. ఇక్కడ గమనించవలసిన భేదం ఒకటుంది: వోల్టేజిని మూలం ఇస్తుంది, కరెంటును ఉపకరణం తనకు కావలసినంత లాగుకుంటుంది. 500 మిల్లీ ఆంపియర్లు ఇవ్వగల మూలానికి 10 చాలే పెడల్‌ను తగిలిస్తే ఆ పెడల్‌కు ప్రమాదం లేదు. అది 10 మాత్రమే తీసుకుంటుంది.

దృష్టాంతం తొలిసారి బీటలు వారేది ఈ లెక్క దగ్గరే. విద్యుత్ మూలం పంచిన కొద్దీ తరిగేది. ఉపనిషత్తులు చెప్పే బ్రహ్మమో పూర్ణం. ఈశావాస్యోపనిషత్తు శాంతిపాఠం ఆ పూర్ణతను తీసివేతకు లొంగనిదిగా నిలబెట్టింది. పోతన తెనిగించిన భాగవతంలో ఈ పూర్ణత కథారూపం పొందింది. ఒక్క కృష్ణుడు పదహారు వేల మంది భార్యలతో ఎలా కాపురం చేస్తున్నాడో చూడాలని ద్వారకకు వచ్చిన నారదుడు, ఏ ఇంటికి వెళ్లినా అక్కడ కృష్ణుడు పూర్తిగా ఉండటం చూస్తాడు. ఒక ఇంట్లో ఉన్నందువల్ల మరో ఇంట్లో కొంత తగ్గిపోవడం అన్నది అక్కడ లేదు. మిథిలా నగరంలో రాజైన బహుళాశ్వుడి ఇంటికీ, పేద బ్రాహ్మణుడైన శ్రుతదేవుడి ఇంటికీ కృష్ణుడు ఒకే సమయంలో అతిథిగా వెళ్లిన ఘట్టం కూడా దశమ స్కంధంలోదే. అక్కడ రాజుకు ఎక్కువ, పేదకు తక్కువ అన్న పంపకమే జరగలేదు. ఇలాంటి సాన్నిధ్యాన్ని మిల్లీ ఆంపియర్లలో పంచుకునే శక్తితో పోల్చితే, పోతన చూపిన పూర్ణత్వం కాస్తా పంపిణీ అయిపోతుంది. భక్తి దృష్టితో చూసినా, వేదాంత దృష్టితో చూసినా ఇది చిన్న లోపం కాదు.

తరిగే మూలాన్ని పంచుకోవడం అంటే ఏమిటో జనగామ జిల్లాలోని నర్మెట్ట ప్రాంతపు రైతుకు గిటారు అవసరం లేకుండానే తెలుసు. బోర్ల మీద ఆధారపడిన ఈ మెట్ట నేలలో ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద పలువురి మోటార్లు నడుస్తాయి. 25 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మర్ మీద 5 హెచ్.పి. మోటార్లు నాలుగున్న చోట ఆరో ఏడో చేరితే వోల్టేజి పడిపోతుంది, మోటార్లు వేడెక్కుతాయి, చివరికి ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతుంది. ఇండక్షన్ మోటారు కదలిక మొదలుపెట్టే క్షణంలో మామూలుగా లాగే కరెంటుకు అయిదారు రెట్లు లాగుతుంది కనుక, కరెంటు రాగానే వాటంతట అవే మోటార్లను నడిపించే ఆటో స్టార్టర్లు అన్నీ ఒక్కసారిగా కదిలితే ఆ భారం ఇంకా ప్రమాదకరం. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను కోరడానికి కారణాల్లో ఇదీ ఒకటి. ఒకరి మోటారు లెక్కకు మించి లాగితే పక్కవాడి పొలం ఎండుతుంది. పెడళ్ల వరుసలో కూడా నియమం ఇదే. నష్టం పరిమాణమే వేరు. మూలం అందరిదీ అన్న సూత్రం నుంచి ఎవరికెంత కావాలంటే అంత తీసుకోవచ్చు అన్న నిర్ణయం రాదు. ధర్మశాస్త్రాలు మితాన్ని, యోగశాస్త్రం అపరిగ్రహాన్ని, అంటే అవసరానికి మించి కూడబెట్టకపోవడాన్ని విధించడంలోని ఔచిత్యం ఇక్కడ కనిపిస్తుంది. విద్యుత్ దృష్టాంతం ఆచారశాస్త్రానికి ఉపకరించినంతగా తత్త్వశాస్త్రానికి ఉపకరించదని అనుకోవడానికి ఇది మొదటి కారణం.

రెండో కారణం మరింత సూక్ష్మమైనది, తత్త్వవిచారణకు మరింత విలువైనది. వోల్టేజి, ప్లస్ మైనస్‌లు, కరెంటు అన్నీ సరిపోయినా, ఒకే అడాప్టరు నుంచి గొలుసుకట్టు తీగతో పెడళ్లన్నిటికీ కరెంటు ఇస్తే స్పీకరులో గుయ్‌మనే శబ్దమో, సన్నని కూత లాంటి శబ్దమో వినిపించవచ్చు. దానికి మూలం పంచుకోవడమే కారణం. పెడళ్లను కలిపే ఆడియో తీగ బయటి పొర, అంటే సంకేతాన్ని కప్పి ఉంచే లోహపు జాలి, పెడళ్ల మైనస్‌లను ఒకదానితో ఒకటి కలుపుతుంది. కరెంటు తీగ కూడా అవే మైనస్‌లను మరో దారిలో కలుపుతుంది. రెండు దారులు కలిసి ఒక మూసిన వలయం అవుతుంది. పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రం సెకనుకు 50 సార్లు మారుతూ ఆ వలయంలో కరెంటును పుట్టిస్తుంది. దీనిని గ్రౌండ్ లూప్ అంటారు. అంతేకాక, డిలే వంటి డిజిటల్ పెడళ్లు కరెంటును ఒకే తీరుగా కాక, వేగంగా విరుగుతూ తిరిగి అందుకునే తుంపులుగా లాగుతాయి. అందరూ పంచుకునే తిరుగుదారి తీగలో ఆ తుంపులు చిన్న చిన్న వోల్టేజిలుగా మారి, పక్కనున్న డిస్టార్షన్ పెడల్‌కు నాదంలాగే అందుతాయి. డిస్టార్షన్ అందిన దానిని ఎన్నో రెట్లు పెంచేది కనుక, ఒకరి లోపలి అలజడి మరొకరి గొంతులో అరుపుగా బయటికి వస్తుంది. మూలం ఒకటే కావడం ఇక్కడ సామరస్యానికి కారణం కాలేదు. పరస్పర బాధకు దారి అయింది.

దీనికి సరైన పరిష్కారం ఐసొలేటెడ్ సప్లై, అంటే ప్రతి పెడల్‌కూ వేర్వేరు నిర్గమం ఇచ్చే విద్యుత్ పెట్టె. అందులో గోడ నుంచి వచ్చే 230 వోల్టుల కరెంటు ఒకే ప్రధాన చుట్టలో ప్రవహిస్తుంది. దాని పక్కన విడివిడిగా చుట్టిన ఉపచుట్టలు ఉంటాయి. ఒక్కొక్క ఉపచుట్ట నుంచి వచ్చే విద్యుత్తును విడిగా సరిదిద్ది, వోల్టేజిని స్థిరపరచి ఒక్కొక్క పెడల్‌కు పంపుతారు. ప్రధాన చుట్టకూ ఉపచుట్టలకూ మధ్య తీగ సంబంధమే లేదు. శక్తి అయస్కాంత క్షేత్రం ద్వారా సంక్రమిస్తుంది. తాకకుండానే నడిపించే ఈ పద్ధతి, ఆత్మ అసంగమై ఉంటూనే, అంటే దేనికీ అంటుకోకుండానే, ఇంద్రియాలను నడిపిస్తుందన్న మాటకు బల్బు ఫ్యానుల ఉపమానం కంటే చాలా దగ్గరగా ఉంది. మరో విశేషం కూడా ఉంది. ఇలా విడదీసినంత మాత్రాన పెడళ్లు పరస్పరం తెగిపోవు. ఆడియో తీగ వాటి మైనస్‌లను ఇంకా కలుపుతూనే ఉంటుంది, అది లేకపోతే నాదమే ముందుకు వెళ్లదు. పోయింది రెండో దారి మాత్రమే. శక్తిని అందుకోవడంలో భేదం, నాదాన్ని అందించుకోవడంలో అభేదం. ఈ రెండూ తమ తమ చోట ఉంటేనే వరుస సవ్యంగా పలుకుతుంది.

ఈ నిర్మాణాన్ని ఏ దర్శనం చక్కగా వర్ణిస్తుందో చూస్తే, ఉపన్యాసకులు సాధారణంగా ఉద్దేశించే అద్వైతం వైపు అది మొగ్గడం లేదు. మధ్వాచార్యులు తత్త్వసంఖ్యానంలో తత్త్వాన్ని స్వతంత్రం, అస్వతంత్రం అని రెండుగా విభజించి, విష్ణువు ఒక్కడే స్వతంత్రుడని, తక్కినదంతా ఆయన మీద ఆధారపడినదని చెప్పారు. జీవుడికీ జీవుడికీ మధ్య భేదం ఆయన చెప్పిన పంచభేదాల్లో ఒకటి. మూలం లేకపోతే ఏ పెడలూ పలకదు, కానీ మూలాన్ని ఆశ్రయించడం వల్ల డిలే రివర్బ్ కాదు అన్న విషయం ఆ వర్ణనలో ఇమిడిపోతుంది. తెలుగు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడని సంప్రదాయం చెప్పే నింబార్కుడు వేదాంత పారిజాత సౌరభంలో ప్రతిపాదించిన భేదాభేదం, అంటే భేదమూ అభేదమూ రెండూ సత్యమే అన్న సిద్ధాంతం, ఆడియో తీగ కలిపి ఉంచినదానిని కూడా కలుపుకుంటుంది కనుక ఇంకా దగ్గరగా వస్తుంది. అద్వైతి దీనికి, ఈ భేదమంతా ఉపాధి వల్ల, అంటే తాత్కాలికంగా అంటుకున్న ఆవరణం వల్ల వచ్చినదేనని జవాబు చెప్పవచ్చు. ఆ జవాబుకు బలం ఉంది. కాని ఉపాధి తొలగితే మిగిలేది అవిభక్త చైతన్యమని చెప్పడానికి, ఉపాధి తొలగితే ఏ పనీ చేయకుండా తీగలో ఆగిపోయే జడశక్తి ఉదాహరణ కాలేదు. పైగా బల్బులోని వెలుగు కరెంటే కాదు. కరెంటు తీగను వేడి చేసి పుట్టించిన కార్యం. ఘటాకాశంలో కుండ పగిలితే మిగిలేది ఆకాశమే. అక్కడ కార్యకారణ రూపాంతరం లేదు. పాత దృష్టాంతం కొత్తదానికంటే జాగ్రత్తగా ఎంచుకున్నదని దీన్నిబట్టి ఒప్పుకోవాలి.

ఒకే మూలం ఒకరికి జీవనమై మరొకరికి నాశనం కావడం కూడా ఈ విచారణలో చేర్చదగినదే. 1960ల్లో జర్మేనియం ట్రాన్సిస్టర్లతో వచ్చిన కొన్ని ఫజ్ పెడళ్లలో ప్లస్‌ను పెట్టెకు, భూమికి కలిపారు. ఆ తర్వాత వచ్చిన పెడళ్లలో ఎక్కువ వాటికి మైనస్ భూమి. రెండు రకాలనూ ఒకే గొలుసుకట్టు తీగ మీద పెడితే, ఆడియో తీగ ద్వారా ప్లస్, మైనస్ నేరుగా తగిలి అడాప్టరు షార్ట్ అవుతుంది. మూలంలో పక్షపాతం లేదు, పెడల్‌లో దోషం లేదు. ఈశ్వరుడు కొందరికి సుఖాన్ని, కొందరికి దుఃఖాన్ని ఇస్తే ఆయనకు వైషమ్యం, అంటే పక్షపాతం అంటదా అన్న ప్రశ్నకు బ్రహ్మసూత్ర భాష్యం రెండో అధ్యాయంలో శంకరులు వర్షాన్ని చూపారు: వరికీ యవలకూ వాన సామాన్య కారణం, ఏది ఏ పంటగా మొలకెత్తాలన్నది విత్తనంలోని విశేష శక్తి నిర్ణయిస్తుంది. పెడల్ నిర్మాణాన్ని ఆ విత్తనం స్థానంలో పెట్టి చూస్తే ఆ సమాధానం చక్కగా సమన్వయమవుతుంది. విద్యుత్ దృష్టాంతం అద్వైత భాష్యకారుడికే మేలు చేసే చోటు ఇది. చిత్రమేమంటే ఏకత్వాన్ని చెప్పడానికి దానిని వాడేవారు ఈ ఉపయోగాన్ని దాదాపు పట్టించుకోరు.

క్రైస్తవ ఆలోచనలో ఏకత్వానికీ అనేకత్వానికీ ఉన్న సంబంధం గురించిన ప్రశ్న మొదటి నుంచీ వేరే రూపంలో ఉంది. కొరింథు సంఘానికి అపొస్తలుడైన పౌలు రాసిన మొదటి పత్రికలో పన్నెండో అధ్యాయం కృపావరాలు అనేకమైనా ఆత్మ ఒక్కటేనని చెబుతూనే, శరీరమంతా ఒకే అవయవమైతే అది శరీరమే కాదన్న వాదాన్ని ఎత్తుకుంటుంది. అక్కడ ఏకత్వం అవయవాల భేదాన్ని మింగేయదు, దాని మీదే నిలబడుతుంది. రెండు అధ్యాయాల తర్వాత పౌలు వాద్యాల ప్రస్తావన తెస్తాడు: పిల్లనగ్రోవి గాని వీణ గాని తన స్వరాల్లో భేదం చూపకపోతే ఏమి వాయిస్తున్నారో వినేవారికి ఎలా తెలుస్తుందని అడుగుతాడు. అనేక మంది ఒకేసారి మాట్లాడితే సంఘానికి క్షేమం కలగదని, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాలని అదే చోట నియమం పెడతాడు. ప్రార్థనా మందిరంలో ఆరాధన నడిపే బృందానికి పెడళ్ల వరుసలోని గుయ్‌మనే శబ్దం ఈ అధ్యాయాలకు వ్యాఖ్యానం లాంటిదే. స్వరభేదాన్ని చెరిపేసే ఏకత్వం ఆత్మ ఇచ్చిన ఏకత్వం కాదు.

శబ్దాన్ని ఆపడానికి తప్పుదారి కూడా ఉంది, దానిని స్పష్టంగా ఖండించాలి. మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్నును విరిచేసినా, ఎర్త్ తీగను తెంచేసినా గ్రౌండ్ లూప్ తెగి గుయ్‌మనే శబ్దం తగ్గుతుంది. కాని ఆ తీగ ఉన్నది శబ్దం కోసం కాదు; యాంప్లిఫయరు లోపల 230 వోల్టుల తీగ పెట్టెకు తగిలితే ఆ కరెంటు మనిషి ఒంట్లోంచి కాక భూమిలోకి పోవడం కోసం. గిటారు తీగలు వాయించేవారి వేళ్లను యాంప్లిఫయరు లోహానికి కలుపుతాయి. అదే మనిషి పెదవులు వేరే చోట కలిపిన మైకును తాకుతాయి. స్టోన్ ది క్రోస్ బృందంలో గిటారు వాయించిన లెస్ హార్వీ 1972 మే 3న వేల్స్‌లోని స్వాన్సీలో వేదిక మీద, సరిగా ఎర్త్ చేయని మైకును తాకి విద్యుదాఘాతంతో మరణించాడు. జనరేటరు మీద, తాత్కాలికంగా లాగిన తీగల మీద నడిచే జాతర వేదికలకు, సువార్త సభలకు, భజన పందిళ్లకు ఈ ప్రమాదం దూరంలో లేదు. ఎర్త్‌ను కాపాడుతూ ప్రతి పెడల్‌కూ విడి నిర్గమం ఇచ్చి శబ్దాన్ని తగ్గించడం ఖర్చుతో కూడిన పనే. ఆ ఖర్చు పెట్టలేని చోట ఒకటి రెండు పెడళ్లకు బ్యాటరీలు వేయడం, డిజిటల్ పెడల్‌కు మాత్రం వేరే అడాప్టరు పెట్టడం తేలికైన మార్గం. ఆరాధనలో ఉన్న మనిషి ప్రాణం కంటే నిశ్శబ్దం విలువైనది కాదు.

ఇంతవరకు చూసిన వాటిని బట్టి విద్యుత్ దృష్టాంతంలో చెల్లే అంశం ఒకటి: ఏ ఉపకరణానికీ తన శక్తి తనది కాదు. జీవుడు పరతంత్రుడని చెప్పాలనుకున్న మధ్వ, రామానుజ, నింబార్క మార్గాల వారికీ, దేవుడిచ్చిన వరాన్ని ఇతరుల క్షేమానికి వాడాలని చెప్పే పౌలు మార్గం వారికీ ఆ ఒక్క అంశం చాలు. మూలం తరగనిదని చెప్పాలంటే దీనిని పక్కన పెట్టి పోతన చూపిన ద్వారకకు వెళ్లాలి. జీవబ్రహ్మల ఏకత్వం చెప్పాలంటే కుండలోని ఆకాశానికి తిరిగి రావాలి. బల్బు, ఫ్యాను చూపించి అందరూ ఒక్కటేనని చెప్పే ప్రవచనం వినడానికి ఎంత హాయిగా ఉన్నా, అది నిరూపించదలచిన అద్వైతానికి ఆధారం కాజాలదు.